డార్విన్ గారింట్లో మూడు గంటలకు నవల

చార్లెస్ డార్విన్ పేరు తెలియని తల్లిదండ్రులు మనలో ఉండరు. పిల్లల సైన్సు పుస్తకంలో తెల్లగడ్డంతో ఆయన ఫొటో, పక్కన గలపాగోస్ దీవుల పిట్టల ముక్కుల బొమ్మలు, పాఠం చివర నాలుగు మార్కుల ప్రశ్న ఒకటి. పుస్తకంలో లేని సంగతి ఇంకొకటి ఉంది. జీవశాస్త్రాన్ని మలుపు తిప్పిన ఈ మనిషి నడివయసు దాటాక రోజుకు బల్ల ముందు కూర్చుని పనిచేసింది దాదాపు నాలుగు గంటలే. మిగిలిన పొద్దులో మూడు విడతలు సోఫా మీద వాలి, ఎవరైనా చదివి పెడుతుంటే వినేవారు. వినేది సైన్సు కాదు. ప్రేమలు, పెళ్లిళ్లు, అపార్థాలు, చివరికి అందరూ కలుసుకోవడాలు ఉండే నవలలు.

ఈ సంగతి మన పత్రికలో ఎందుకంటే, ఎనిమిదో తరగతిలో అడుగు పెట్టగానే కథల పుస్తకం అటక ఎక్కే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. ఫౌండేషన్ క్లాసులు, వీకెండ్ టెస్టులు, హోంవర్క్ మధ్య కథలకు టైమెక్కడిదని అడిగే తల్లిదండ్రుల భయం ఉత్తిది కాదు. సీట్లు తక్కువ, పిల్లలు ఎక్కువ. అయితే డార్విన్ జీవితంలో ఈ ప్రశ్నకు రెండు వైపులా సాక్ష్యం దొరుకుతుంది. ఆయన కథల్ని దగ్గర పెట్టుకున్నారు, కవిత్వాన్ని పోగొట్టుకున్నారు. రెండింటి ఫలితాన్నీ పెద్దవయసులో తనే లెక్క చూసుకుని రాసి పెట్టారు.

1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని ష్రూస్‌బరీలో పుట్టాడు. తండ్రి రాబర్ట్ డార్విన్ పేరున్న డాక్టరు. తాత కూడా డాక్టరే. ఎనిమిదేళ్లప్పుడు తల్లి పోయింది, అక్కలు పెంచారు. కుర్రవాడికి గులకరాళ్లు, పురుగులు, పక్షి గుడ్లు పోగుచేసే పిచ్చి ఉండేది. దానితోపాటు లేనిది ఉన్నట్టు చెప్పే అలవాటూ ఉండేది. రంగునీళ్లు పోసి పూల రంగులు మార్చగలనని తోటి పిల్లవాడికి చెప్పాడు. తోటలో పళ్లు తానే కోసి పొదల్లో దాచి, దొంగలు దాచిన సొత్తు దొరికిందని రొప్పుకుంటూ వచ్చి చెప్పాడు. పెద్దయ్యాక వీటిని తలుచుకుని, అదంతా నలుగురినీ అదరగొట్టాలన్న సరదాతో చేశానని ఒప్పుకున్నారు. అబద్ధానికీ ఊహకీ మధ్య గోడ చిన్నప్పుడు చాలా పలచగా ఉంటుంది. మన ఇళ్లలో ఇలాంటి పిల్లవాడుంటే తిట్టే ముందు ఈ ఒక్క మాట గుర్తుంచుకోవచ్చు.

తొమ్మిదేళ్లకు ఊళ్లోనే ఉన్న బోర్డింగ్ స్కూల్లో వేశారు. లాటిన్, గ్రీకు, పద్యాలు బట్టీ. పొద్దున ప్రార్థన జరుగుతుండగానే నలభై యాభై పాదాలు కంఠతా పట్టేసేవాడు. రెండు రోజులు తిరిగేసరికి ఒక్కటీ గుర్తుండేది కాదు. అన్న ఎరాస్మస్‌తో కలిసి తోటలోని పనిముట్ల గదిలో కెమిస్ట్రీ ప్రయోగాలు చేస్తున్నాడని తెలిసి, హెడ్మాస్టరు అందరి ముందూ చీవాట్లు పెట్టారు. పనికిరాని వాటి మీద కాలం తగలేస్తున్నాడని ఆయన కోపం. కెమిస్ట్రీ పనికిరానిది, లాటిన్ పద్యం పనికొచ్చేది! ఏ కాలానికి ఆ కాలం సిలబస్ అంటే ఇదే.

ఆ స్కూలు గోడలు బాగా మందం. ఒక పాత కిటికీ అరుగులో కాళ్లు ముడుచుకుని గంటల తరబడి షేక్‌స్పియర్ చారిత్రక నాటకాలు చదువుకునేవాడు. ఎవరూ చదవమనలేదు, ఎవరూ మార్కులు వేయలేదు. బైరన్, స్కాట్ పద్యాలూ అలాగే చదివాడు. ఆ చదువులో ఎంత సుఖం ఉండేదో అరవై ఏడేళ్ల వయసులో కూడా ఆయనకు గుర్తుంది. బట్టీ పట్టిన పాదాలు మాత్రం గుర్తు లేవు.

తండ్రికి ఇదేమీ కనిపించలేదు. వేట, కుక్కలు, ఎలుకలు పట్టడం తప్ప నీకేమీ పట్టదు, నీకూ ఇంటికీ తలవంపులు తెస్తావని ఒకసారి గట్టిగా కోప్పడ్డారు. ఆ మాట కొడుకు గుండెలో నాటుకుపోయింది. అయినా ఆయన తండ్రిని నిందించలేదు. నాన్న అంత మంచి మనిషిని నేను చూడలేదు, ఆ రోజు కోపంలో కాస్త అన్యాయంగా మాట్లాడి ఉంటారు అన్నట్టుగా రాసుకున్నారు. తర్వాత కథ మనకు బాగా తెలిసిన కథలాగే ఉంటుంది. డాక్టరు కొడుకు డాక్టరు కావాలని పదహారేళ్లకే ఎడిన్‌బరో పంపారు. మత్తుమందు లేని రోజుల్లో ఒక పిల్లవాడికి ఆపరేషన్ చేస్తుంటే చూడలేక మధ్యలోనే బయటికి పరుగెత్తాడు. మెడిసిన్ మానేశాక, పోనీ చర్చిలో ఉద్యోగమైనా వస్తుందని కేంబ్రిడ్జి పంపారు. అక్కడ చదువుకన్నా పేడపురుగులూ పెంకుపురుగులూ ఎక్కువ పట్టాడు.

1831 డిసెంబరు 27న బీగిల్ ఓడ ఎక్కారు. ప్రయాణానికి తండ్రి మొదట ఒప్పుకోలేదు, మేనమామ జోసయా వెడ్జ్‌వుడ్ నచ్చజెప్పాక ఒప్పుకున్నారు. దాదాపు ఐదేళ్ల ఈ ప్రయాణం గురించి పాఠ్యపుస్తకాలు చాలినంత చెబుతాయి. అవి చెప్పనిది ఒక్కటి. ఓడ దిగి దక్షిణ అమెరికా లోపలి ప్రాంతాలకు గుర్రం మీద వెళ్లేటప్పుడు ఒక్క పుస్తకమే వెంట పెట్టుకునే వీలుంటే, ఆయన చేతికి అందుకున్నది మిల్టన్ కావ్యం. సైన్సు పుస్తకం కాదు.

తిరిగొచ్చాక 1838లో పెళ్లి చేసుకోవాలా వద్దా అని ఒక కాగితం మీద లాభనష్టాలు రెండు వరుసల్లో రాసుకున్నారు. వద్దు అనే వైపు, సాయంత్రాలు చదువుకోవడం కుదరదు, పుస్తకాలకు డబ్బు తగ్గుతుంది అని రాశారు. కావాలి అనే వైపు, చలిమంట పక్కన సోఫా మీద భార్య, పుస్తకాలు, బహుశా సంగీతం. రెండో వైపే గెలిచింది. 1839 జనవరి 29న మేనమామ కూతురు ఎమ్మా వెడ్జ్‌వుడ్‌ను పెళ్లాడారు. మన వాళ్లకు మేనరికం కొత్త కాదు. సాయంత్రాల చదువు పోతుందని భయపడిన మనిషికి, జీవితాంతం పుస్తకాలు చదివి పెట్టే మనిషి దొరికింది.

1842లో లండన్‌కు దాదాపు పదహారు మైళ్ల దూరంలో, కెంట్ జిల్లాలోని డౌన్ అనే పల్లెకు మారారు. అప్పటికే ఒంట్లో బాగుండడం మానేసింది. వాంతులు, గుండెదడ, వణుకు, తలనొప్పి. ఇంటికి నలుగురు వచ్చి మాట్లాడి వెళ్తే ఆ రాత్రి నిద్ర ఉండదు. పగలు తేల్చని లెక్క రాత్రి మంచం మీద మళ్లీ మొదలయ్యేది, మనసు ఆగేది కాదు. చన్నీళ్ల వైద్యంతో సహా ఎన్నో చూశారు. ఆ జబ్బు ఏమిటో అప్పటి డాక్టర్లు తేల్చలేదు. ఇప్పటికీ వాదనలు నడుస్తున్నాయి.

ఈ శరీరంతో ఆయన ఎలా పనిచేశారో కొడుకు ఫ్రాన్సిస్ వివరంగా రాశారు. ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా పని. పొద్దుట ఆ గంటన్నర ఆయనకు బంగారం లాంటిది. తొమ్మిదిన్నరకు హాల్లోకి వచ్చి ఉత్తరాలు చూసుకుని, సోఫా మీద పడుకుని ఇంటి ఉత్తరాలూ కాస్త నవలా చదివించుకునేవారు. పదిన్నర నుంచి పన్నెండు దాకా మళ్లీ పని. తర్వాత తోట చివర ఇసుక బాట మీద నడక, భోజనం, పేపరు, జవాబులు రాయడం. మధ్యాహ్నం మూడింటికి పై గదిలో సోఫా, ఒక సిగరెట్టు, నవల. నాలుగున్నరకు ఇంకో గంట పని. ఆరింటికి మళ్లీ సోఫా, మళ్లీ నవల. రాత్రి భోజనమయ్యాక ఎమ్మాతో రెండు ఆటలు బ్యాక్‌గామన్, అంటే పాచికలతో ఆడే బల్ల ఆట. ఏళ్ల తరబడి ఆడిన ఆ ఆటల లెక్క కూడా ఆయన రాసి పెట్టుకున్నారు. 1876లో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరం ప్రకారం ఎమ్మా 2490 ఆటలు, ఆయన 2795 ఆటలు గెలిచారు. లెక్కలు మానని మనిషి అంటే ఇదీ.

ఆ దినచర్యను ఒకసారి జాగ్రత్తగా చూడండి. పనికీ పనికీ మధ్య కథ ఉంది. అది పని ఎగ్గొట్టే దారి కాదు. ఆయన తన రోజును ఆ కథల ఆసరాతోనే నిలబెట్టుకున్నారని నాకనిపిస్తుంది. వేరే మనుషుల కష్టంలోకి అరగంట వెళ్లి వస్తే తన బుర్రలో తిరుగుతున్న తిరగలి కాసేపు ఆగుతుంది. విశ్రాంతి అంటే ఊరికే కళ్లు మూసుకోవడం అనుకుంటాం గానీ, కంగారుపడే మనసు కళ్లు మూసినంత మాత్రాన ఊరుకోదు. దానికి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. పరీక్షల ముందు రాత్రి మన పిల్లలు ఫోను పట్టుకునేది కూడా ఇందుకే. అయితే రీల్స్ వంద ముక్కలు చూపిస్తాయి. నవల ఒక్క మనిషి వెంట నడిపిస్తుంది.

నవలలు ఆయన జబ్బును నయం చేయలేదు, ఆ మాట స్పష్టంగా చెప్పుకోవాలి. వాంతులు ఆగలేదు, నిద్రపట్టని రాత్రులు తగ్గలేదు. దుఃఖమూ ఆ ఇంటిని వదల్లేదు. పదిమంది పిల్లల్లో ముగ్గురు చిన్నప్పుడే పోయారు. పెద్దమ్మాయి ఆనీకి పదేళ్లు. ఆమెను చన్నీళ్ల వైద్యం కోసం మాల్వెర్న్ తీసుకెళ్లారు. 1851 ఏప్రిల్ 23న అక్కడే కన్నుమూసింది. నిండు చూలాలైన ఎమ్మా ఇంటి దగ్గరే ఉండిపోయింది, తండ్రి మంచం పక్కన ఉన్నాడు. 1858 జూన్‌లో చిన్న కొడుకు చార్లెస్ జ్వరంతో పోయాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే వాలెస్ రాసిన వ్యాసం వచ్చి, ఇరవై ఏళ్ల కష్టం చేజారిపోతుందేమోనన్న ఆందోళన మీద పడింది. జూలై 1న లండన్‌లో ఇద్దరి వ్యాసాలూ చదువుతున్నప్పుడు ఆయన అక్కడ లేరు. మరుసటి ఏడాది నవంబరులో జాతుల పుట్టుక మీద పుస్తకం అచ్చయింది. మొదటి ముద్రణ 1250 కాపీలు.

ఈ నేపథ్యంలో ఆయన నవలల రుచి చూస్తే నవ్వూ వస్తుంది, గుండె కాస్త బరువూ అవుతుంది. కథ సుఖంగా ముగియాలి. విషాదాంత నవలలు రాయకుండా చట్టం తేవాలని సరదాగా రాశారు. కథలో మనసారా ఇష్టపడే మనిషి ఒక్కరైనా ఉండాలి, అది అందమైన అమ్మాయి అయితే మరీ మంచిది. చివరి పేజీ ముందే తిరగేసి చూడడం ఆయనకు గిట్టదు. జార్జ్ ఎలియట్‌ను అందరూ మెచ్చుకుంటుంటే, ఆమె కథల ముగింపులు బరువుగా ఉంటాయని ఆయన అంతగా ఇష్టపడలేదు. సైలస్ మార్నర్‌ను మాత్రం మెచ్చుకునేవారు. స్కాట్, జేన్ ఆస్టెన్, మిసెస్ గాస్కెల్ నవలలు ఇక చదవలేమన్నంతగా మళ్లీ మళ్లీ చదివించుకున్నారు. కొత్త నవలలు అద్దెకు పుస్తకాలిచ్చే లైబ్రరీ నుంచి వచ్చేవి. మన ఊళ్లలో ఒకప్పుడు రోజుకు ఇంతని అద్దె కట్టి వారపత్రికల నవలలు తెచ్చుకున్న అమ్మమ్మలకు ఈ డార్విన్ గారు బాగా అర్థమవుతారు. చదువుతున్న నవల గొప్ప సాహిత్యమా కాదా అన్న పట్టింపు ఆయనకు లేదు. సాహిత్యంలో తన అభిరుచి పండితులు ఒప్పుకునేది కాదని తనకే తెలుసు.

మన దగ్గర ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. కథ చదివితే ఇంగ్లీషు వొకాబులరీ పెరగాలి, లేదా నీతి తెలియాలి. చందమామ చదివి పెరిగిన తరం కూడా పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఇదే అంటుంది. భేతాళుడి కథల కోసం నెలంతా ఎదురుచూసినప్పుడు మనలో ఎవరం వొకాబులరీ కోసం చూశాం? డార్విన్ నవలల్లో వెతికింది సుఖం. నవలలు రాసేవాళ్లందరికీ మనసులో దండం పెట్టుకుంటానని చెప్పుకోవడానికి ఆయనకు సిగ్గు అనిపించలేదు.

ఇక రెండో సాక్ష్యం. 1876 మే నెలాఖరులో, పిల్లలకూ మనవలకూ పనికొస్తుందని తన జీవితకథ రాయడం మొదలుపెట్టారు. రోజూ మధ్యాహ్నం ఒక గంట చొప్పున రాసి ఆగస్టు మొదట్లో ముగించారు. అందులో తన మనసు ఎలా మారిందో ఒక శాస్త్రవేత్త లాగే, దాపరికం లేకుండా నమోదు చేశారు. ముప్ఫై ఏళ్ల వరకూ, ఆ తర్వాత కొంతకాలమూ, కవిత్వం అంటే ప్రాణం. ఇప్పుడు ఒక్క పాదం చదవలేకపోతున్నారు. కిటికీ అరుగులో కూర్చుని ఆనందించిన షేక్‌స్పియర్‌ను మళ్లీ తెరిస్తే వికారం పుట్టేంత విసుగొచ్చింది. సంగీతం, బొమ్మల మీద ఇష్టం కూడా దాదాపు పోయింది. వివరాలు పోగుచేసి, వాటిని నలిపి సూత్రాలు తీసే యంత్రంలా తన బుర్ర తయారైందని ఆయనకు తోచింది. యంత్రం పనిచేస్తోంది కదా అని సంతోషించలేదు. మెదడులో ఆ రుచులు ఉండే భాగం వాడక ఎండిపోయిందని, అది ఎందుకు జరిగిందో తనకు అంతుబట్టడం లేదని రాశారు. మళ్లీ బతికే అవకాశం వస్తే వారానికి ఒకసారైనా కవిత్వం చదవాలని, సంగీతం వినాలని నియమం పెట్టుకుంటానన్నారు. ఆ రుచులు పోవడం అంటే సంతోషమే పోవడం, బుద్ధికి కూడా నష్టం కావచ్చు, మనిషిలోని మంచితనానికి మరింత నష్టం కావచ్చు అన్నది ఆయన అంచనా.

ఇది రాసింది ఓడిపోయినవాడు కాదు. ప్రపంచంలో ఆ రోజు ఆయనంత పేరున్న శాస్త్రవేత్తలు బహు తక్కువ. ఏ ర్యాంకు కోసం మనం పిల్లల చేతి నుంచి కథల పుస్తకం తీసి పక్కన పెడతామో, ఆ ర్యాంకుకు వెయ్యి రెట్లు పైన నిలబడిన మనిషి వెనక్కి చూసి చెప్పిన మాట ఇది. వారానికి ఒక్కసారి. ఆయన అడిగినది అంతే. టైంటేబుల్‌లో అంత చోటు దొరకని ఇల్లు ఉండదు.

అన్నీ పోయినా నవల ఎందుకు మిగిలింది? నాకు తోచిన కారణం చాలా మామూలుది. కవిత్వం ఆయన ఒంటరిగా చదువుకున్నారు, పని పెరిగాక దాన్ని అందించే చేయి లేకపోయింది. నవలను మాత్రం ఇంకొకరు చదివి పెట్టారు. ఓపిక లేని రోజు కూడా అది గదిలోకి వచ్చేది, ఎందుకంటే ఎమ్మా వచ్చేది. అలవాటు ఆయన ఒక్కరి మీద ఆధారపడలేదు, ఇంటి మీద ఆధారపడింది. మన ఇళ్లలో పిల్లలకు చదవడం రాగానే చదివి వినిపించడం ఆపేస్తాం. పదమూడేళ్ల పిల్లవాడు కూడా అన్నం తిన్నాక అమ్మో నాన్నో ఇరవై నిమిషాలు కథ చదివితే వద్దనడు. పైకి వద్దన్నట్టు మొహం పెట్టినా పక్క గదిలో నుంచి వింటాడు. తెలుగు కథైనా సరే, ఇంగ్లీషు కథైనా సరే. చదివాక ప్రశ్నలు మాత్రం అడగకండి.

1882 ఏప్రిల్ 19న డార్విన్ ఆ ఇంట్లోనే కన్నుమూశారు. లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేశారు. ఎమ్మా మరో పద్నాలుగేళ్లు బతికింది. డౌన్ హౌస్ ఇప్పుడు మ్యూజియం. ఆయన పనిచేసిన గది, ఇసుక బాట, ఎమ్మా పియానో ఉన్న హాలు వెళ్లినవాళ్లు చూడవచ్చు.

తండ్రి ఆత్మకథనూ ఉత్తరాలనూ 1887లో అచ్చువేస్తూ ఫ్రాన్సిస్ తన జ్ఞాపకాలు కొన్ని చేర్చారు. నవలల సంగతులు చాలావరకు మనకు అక్కడి నుంచే తెలుస్తున్నాయి. మధ్యాహ్నం నవల వింటూ వింటూ ఆయనకు తరచూ కునుకు పట్టేదట. లేచాక కథలో కొంత భాగం తప్పిపోయిందని బాధపడేవారు. ఆయన నిద్రపోయారని ఎమ్మాకు తెలుసు. అయినా చదవడం ఆపేది కాదు. గొంతు ఆగితే మెలకువ వస్తుందేమోనని అదే స్వరంతో పేజీలు తిప్పుతూ ఉండేది.